దేవి ముందు పెట్టిన తుపాకి

మా ఊళ్లో మా ఇంటికి ఇంటిపేరుతో పని లేదు. తుపాకోళ్ల ఇల్లు ఎక్కడ అంటే గడ్డపోతారం దాకా ఎవరైనా చెప్తారు. మా తాత లైసెన్సు మీద కొన్న ఒంటి గొట్టం తుపాకి ఒకటి మా నడిమింటి గోడకు వేలాడేది. దాంతో తాత ఏం చేశాడో నాకు తెలియదు. మా నాయన మాత్రం నాకు తెలిసి నాలుగైదుసార్లకు మించి పేల్చలేదు. అదీ మక్కచేనులో పడ్డ అడవిపందులను బెదిరించడానికి, గాలిలోకి. పందులకు అది దున్నపోతు మీద వాన. వారం తిరక్కుండా మళ్లీ వచ్చేవి. మనుషులు మాత్రం ఆ చప్పుడు విన్న పది రోజుల దాకా మా నాయనకు ఇంకాస్త వంగి దండం పెట్టేవాళ్లు. ఆ తుపాకి చేసే అసలు పని అదేనని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

నాకు అదంటే ఇష్టం. ఈ మాట ముందే ఒప్పుకోవాలి. జరిగిందంతా జరిగాక, నాకు మొదటినుంచీ తుపాకులంటే పడదని రాస్తే చదివేవాళ్లు మెచ్చుకుంటారేమో గానీ అది పచ్చి అబద్ధం. నాయన నూనె గుడ్డతో గొట్టం తుడుస్తుంటే పక్కన కూర్చొని ఆ వాసన పీల్చేవాణ్ని. ఒళ్లో పెట్టమని అడిగేవాణ్ని. ఆ బరువు మోకాళ్ల మీద పడగానే నేనూ లెక్కలోని మనిషిననిపించేది. నలభై ఏళ్లు వచ్చినా ఆ అనిపించడం పోలేదు.

చుట్టూ కంపెనీలు వచ్చాయి. బోరు నీళ్లకు మందుల వాసన వచ్చింది. మక్క వేసే భూమికి మేం కలలో కూడా అనుకోని ధర వచ్చింది. దాంతోపాటు తెల్ల కార్లలో మనుషులు వచ్చారు. హద్దురాళ్లు రాత్రికి రాత్రి జరగడం మొదలైంది. అలాంటివాళ్లు ఇంటికి వచ్చినప్పుడు మా నాయన మంచం మీద కూర్చొని తుపాకి తుడవడం మొదలుపెట్టేవాడు. మాట్లాడేది మామూలుగానే మాట్లాడేవాడు, చాయ్ ఇప్పించేవాడు. వాళ్లు పోయాక నాతో అనేవాడు: "తుపాకి పేల్చేటందుకు గాదురా. ఉన్నదని తెల్వాలె, గంతే." నేను నమ్మాను. ఇప్పటికీ అందులో కొంత నిజం ఉందనే అనుకుంటాను, అదే నా బాధ.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పజెప్పాలి. ఆ నెలా రెండు నెలలు నాయన మీసం తీసేసినవాడిలా తిరిగేవాడు. సంగారెడ్డి సంతకు కూడా పోయేవాడు కాదు.

మా ఇంట్లో దసరాకు ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే ఇస్మాయిల్‌ఖాన్‌పేట పోయి భవానీ అమ్మవారిని చూసి వచ్చి, కొడవళ్లు, పారలు, గొడ్డలి, నాగలి కర్రు అన్నీ కడిగి, దేవి పటం ముందు పెట్టి పసుపు కుంకుమ పెడతాం. అందరూ చేసేదే. కాకపోతే మాకు దేవి ముందు వట్టిది ఏదీ పెట్టకూడదు. గంపలో గుప్పెడు వడ్లు, చెంబులో నీళ్లు, చాటలో నాలుగు మక్క గింజలు. "వట్టిది పెడితె ఏడాదంత వట్టిగనే ఉంటది," అనేది మా నాయనమ్మ. ఈ లెక్కన తుపాకిలో ఒక తూటా. పెట్టింది పెట్టినట్టు రాత్రంతా ఉండాలి, ఎవరూ ముట్టకూడదు. తెల్లారి నాయన స్నానం చేసి, కొబ్బరికాయ కొట్టి, అన్నిటికంటే ముందు తుపాకి చేతిలోకి తీసుకొని తూటా బయటికి తీసేవాడు. తాత కాలం నుంచీ ఇంతే. ఏనాడూ ఏమీ కాలేదు.

నా ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి. మందుల కంపెనీలో సేఫ్టీ చూస్తాను. పెద్ద పెద్ద ఇనుప పాత్రల్లోకి మనిషి దిగి కడగాల్సి వచ్చినప్పుడు, అందులో ద్రవం లేదు, గ్యాసు లేదు, కరెంటు తీసేశారు అని స్వయంగా చూసి కాగితం మీద సంతకం పెట్టాలి. నా సంతకం లేకుండా ఒడిశా కుర్రాళ్లు, బీహారు కుర్రాళ్లు లోపలికి కాలు పెట్టరు. పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా చూడకుండా సంతకం పెట్టలేదు. ఇంట్లో మాత్రం ప్రతి ఏడూ గుండు నింపిన తుపాకికి దండం పెట్టి, దాని పక్కనే కూర్చొని భోజనం చేశాను. ఒక్కసారి కూడా తప్పనిపించలేదు. అక్కడ అది డ్యూటీ, ఇక్కడ ఇది పూజ.

మా పొలంలో నలభై ఏళ్లుగా పనిచేసిన మనిషి ఒకాయన ఉన్నాడు. నేను కాకా అంటాను. మా నాయనను ఆయన పటేలా అంటాడు, నన్ను చిన్న పటేలా అంటాడు. నాకు ఈత నేర్పింది ఆయనే. చేను చుట్టూ డబ్బా కొడుతూ పందులను నిజంగా తరిమిందీ ఆయనే. భార్య పోయింది. కూతురు చిట్కుల్‌లో కిరాయికి ఉంటూ కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతుంది. ఇన్నేళ్లలో కాకా మా గడప దాటి నడిమింట్లోకి రాలేదు. రావద్దని మేం ఎప్పుడూ అనలేదు, రమ్మని కూడా అనలేదు.

ఆ ఏడు దసరా, ఎన్నికలు ఒకేసారి వచ్చిపడ్డాయి. తుపాకి తెచ్చి ఇమ్మని స్టేషన్ నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. పూజ కానిదే ఇవ్వనన్నాడు నాయన. పండుగ మర్నాడే ఆఖరి రోజు. నాయనకు మోకాళ్లు పనిచేయడం లేదు, బండి ఎక్కలేడు. లైసెన్సు ఉన్నవాడే తుపాకి పట్టుకుపోవాలని నాకు తెలుసు. స్టేషన్‌లో అందరూ తెలిసినవాళ్లే, ఏమంటారులే అనుకున్నాను. నేను బండి నడిపితే, కాకా వెనక కూర్చొని తువ్వాలలో చుట్టిన తుపాకి పట్టుకుంటాడు. ఇచ్చేసి అట్నుంచి అటే నేను డ్యూటీకి పోవచ్చు.

పొద్దున ఎనిమిది దాటింది. నాయన ఇంకా స్నానం చేస్తున్నాడు. కాకా వచ్చి గడప అవతల నిలబడ్డాడు. నాకు ఆలస్యమవుతోంది. కొబ్బరికాయ తర్వాత కొట్టుకుంటారులే అని దేవి ముందు నుంచి తుపాకి తీశాను. తూటా గుర్తు రాలేదు. దాని గురించి ఎప్పుడూ నేను ఆలోచించాల్సిన పని పడలేదు, అది నాయన పని. కట్టె వైపు నేను పట్టుకొని, గొట్టం వైపు కాకాకు చాపాను. ఆయన లోపలికి రాడు, నేను బయటికి పోలేదు. గడప మీదుగానే ఇచ్చాను. నూనె రాసిన ఇనుము, పైన తడి పసుపు. ఆయన చేతిలోంచి జారింది. గొట్టం వెనక తూటాను కొట్టే సుత్తి గడప రాయికి తగిలింది.

చప్పుడు తర్వాత అంతా తెల్లగా పొగ. కాకా మెట్టు మీద కూర్చొని తన ఎడమ కాలిని చూసుకుంటున్నాడు. పాదంలో ముందు సగం లేదు.

పక్కింటివాళ్ల కారు అడిగి, అందులో ఆస్పత్రికి వేసుకొని పోయాం. నేను నడుపుతున్నాను, నాయన ముందు సీట్లో తడి పంచెతోనే కూర్చున్నాడు. వెనక కాకా కాలికి తువ్వాల చుట్టుకొని పడుకున్నాడు. రింగు రోడ్డు ఎక్కాం. అప్పుడు కాకా అడిగాడు: "ఏమని జెప్పాలె పటేలా?"

ఆ ప్రశ్న ఆయనే అడిగాడు. అడిగింది నాయనను. జవాబు నేను చెప్పాను.

"నువ్వే ముట్టిన అను కాకా. పూజ కాడ ఉంటె, ఎవ్వలను అడగకుండ తీసి సూసిన అను."

"గట్లనే," అన్నాడు.

లైసెన్సు లేని నా చేతిలో తుపాకి ఉందని బయటపడితే కేసు నా మీద. కేసు పడ్డవాణ్ని సేఫ్టీలో ఉంచుకోరు. లైసెన్సు పోతుంది, నాయన తట్టుకోలేడు. ఇవన్నీ ఒక్క క్షణంలో నా తలలో తిరిగాయి. అద్దంలో కాకా ముఖం కనిపిస్తూనే ఉంది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు కొంచెం ఊపిరి తిరిగింది.

కాకా అలాగే చెప్పాడు, వేలిముద్ర వేశాడు. ఊరి పెద్దమనుషులు మాట్లాడి కోర్టు దాకా పోనివ్వలేదు. ఆస్పత్రి ఖర్చు మేమే చూసుకున్నాం, ఇంటికి బియ్యం పంపించాం. ఎన్నికలయ్యాక కొన్ని నెలలకు తుపాకి తిరిగి ఇచ్చారు. నాయన కొత్త పంచె కట్టుకొని, కారు మాట్లాడుకొని పోయి తెచ్చుకున్నాడు. మళ్లీ అదే మేకుకు తగిలించాడు. తర్వాతి దసరాకు దేవి ముందు పెట్టలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. నా భార్య మాత్రం పిల్లలను ఆ గదిలో పడుకోనివ్వడం మానేసింది.

ఆ మరుసటి వానకాలం నాయన పోయాడు. దినాలైన వారానికి మా మేనమామ నన్ను పక్కకు పిలిచాడు. "లైసెన్సు జల్దీ నీ పేరు మీదికి మార్పిచ్చుకో. ఇంత భూమి పెట్టుకొని వట్టి చేతుల కూసుంటవా? రేపు ఎవడన్న వస్తె అప్పుడు పరేషాన్ అయితవ్," అన్నాడు. ఆయన భయం ఉత్తది కాదు. మా తూర్పు హద్దురాయి అప్పటికే రెండుసార్లు కదిలింది. దరఖాస్తు తెచ్చుకున్నాను, సగం నింపాను కూడా.

అప్పుడు వచ్చాడు కాకా. కర్ర పట్టుకొని, గడప అవతలే నిలబడ్డాడు. ఒక కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ పని ఉందట. కుర్చీలో కూర్చొని వచ్చే పోయే లారీల నంబర్లు చూస్తే చాలు, నిలబడే పని లేదు. కూతురు మాట్లాడి పెట్టింది. మనుషులను పెట్టే ఏజెన్సీవాళ్లు స్టేషన్ నుంచి మంచివాడేనని కాగితం తెమ్మన్నారు. స్టేషన్‌లో చూస్తే ఆయన పేరు మీద తుపాకి సంగతి ఉంది. ఇంకొకళ్ల తుపాకి అడగకుండా తీసి పేల్చినవాడికి గేటు ఎట్లా అప్పజెప్తరని పంపించేశారు.

"జెర నువ్వొక్క మాట జెప్పు చిన్న పటేలా. నేను ముట్టలేదని. పెద్ద పటేలు ఉన్నన్ని దినాలు నేను అడగలే. బిడ్డ మీద పడి తింటున్న, నాకు మనసొప్పుతలేదు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి దరఖాస్తు చించేశాను. తుపాకి అప్పజెప్పేస్తాను, జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను అని నా భార్యకు చెప్పాను. ఆమె ఏడ్చింది. ఉద్యోగం పోతుందని కాదు, ఇన్నాళ్లకు నోరు తెరుస్తున్నందుకు అంది. నాకు జ్వరం దిగినట్టయింది.

కాకాను బండి మీద ఎక్కించుకొని పోయాను. ఆయన స్టేషన్ లోపలికి రానన్నాడు, ఎదురుగా చాయ్ హోటల్ బల్ల మీద కూర్చున్నాడు. లోపల రికార్డులు రాసే రైటర్ తుపాకి నంబరు, లైసెన్సు నంబరు సరిచూసుకొని రశీదు రాశాడు. అప్పుడు చెప్పాను. దేవి ముందు తూటా, నాయన స్నానం, నేను తీయడం, గడప మీదుగా ఇవ్వడం, కారులో ఏం చెప్పించానో అంతా చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక పెన్ను బల్ల మీద పెట్టాడు. చెడ్డ మనిషి కాదు, నా కంటే చిన్నవాడు.

"ఇది నేను రాస్తె కేసు మీ మీద అయితది సార్. తుపాకిదొకటి, తప్పు చెప్పిచ్చిందొకటి. మీరు నౌకరీ చేస్తున్నరు, పిల్లలున్నరు." పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "రాయమంటరా?"

గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. రాయమని చెప్పడానికే వచ్చాను. నాలుక మీదే ఉంది.

"వద్దు సార్," అన్నాను.

ఆయన రశీదు నా చేతికిచ్చాడు.

బయటికి వచ్చేసరికి కాకా కర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు.

"జెప్పినవా?"

"జెప్పిన కాకా."

"కాయితం ఎన్నడిస్తరట?"

"పది దినాలైతదన్నరు."

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "అయితె బుధారం నాడు నేనే వచ్చి తీసుకుంట. నీకు డ్యూటీ ఉంటది, నువ్వు తిప్పల పడకు," అన్నాడు. నా కోసం చాయ్ చెప్పి ఉంచాడు. చల్లారిపోయింది. తాగాను.

బుధవారం ఉతికిన అంగీ వేసుకొని, షేరింగ్ ఆటో ఎక్కి ఒక్కడే పోయాడు. డ్యూటీ నుంచి వస్తూ నేను ఆయన ఇంటి ముందు నుంచే రావాలి. మంచం మీద కూర్చొని ఉన్నాడు, అంగీ ఇంకా విప్పలేదు, చేతిలో కాగితం లేదు. నన్ను చూసి కర్ర కోసం చేయి చాపాడు, లేచి నిలబడటానికి.

"కూసో కాకా," అన్నాను.

కూర్చున్నాడు. కాగితం సంగతి నన్ను అడగలేదు. ఇప్పటి దాకా అడగలేదు.