అద్దం చెమట

మా అన్నయ్యకి రాబోయే కాలం మీద పిచ్చి. జాతకాల పిచ్చి కాదు. ముందు ముందు ఇళ్లు ఎలా కడతారు, విమానాలు దేనితో ఎగురుతాయి, పొగ లేని కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది అన్న పిచ్చి. టెక్కలి దగ్గర ఒక పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టరుగా పనిచేసేవాడు. పొద్దున్నే ఉద్దానంలో మా ఊరి నుంచి మోటారుసైకిలు మీద వెళ్లి సాయంత్రానికి వచ్చేవాడు. వచ్చి చొక్కా అయినా విప్పకుండా ఫోను తెరిచి మా వదినకి బొమ్మలు చూపించేవాడు. ఒళ్లంతా చెట్లు కప్పుకున్న పెద్ద మేడ, పొద్దుతో పాటు తిరిగే ఇల్లు, రెక్కల నిండా సోలారు పలకలు పరుచుకుని చుక్క ఇంధనం లేకుండా సముద్రాలు దాటే విమానం. వదిన చేపలు కడుగుతూనో చింతపండు పిసుకుతూనో చూసేది.

"బాగుంది గానీ, అంత మేడ మీద రాలిన ఆకులు ఎవులు తుడుత్తారు?" అనేది.

అన్నయ్య ఇంకో బొమ్మకి జరిగేవాడు. నేను కాశీబుగ్గలో బడి పంతులమ్మని. ఆదివారాలు ఊరికి వెళ్లి ఈ తమాషా చూడటం నాకు సినిమాకి వెళ్లినదానికంటే నయంగా ఉండేది. నా నోరు ఊరుకునే రకం కాదు. వదినా నేనూ కలిస్తే అన్నయ్య పని అయిపోయినట్టే.

తిత్లీ తుపాను మా కొబ్బరితోటని పడుకోబెట్టి ఇంటి పైకప్పు ఎత్తుకుపోయాక ఆ పిచ్చి ఇంకా ముదిరింది. కొత్త ఇల్లు గుండ్రంగా కడతానన్నాడు. గాలి మూలల్ని పట్టుకుని ఇంటిని లేపుతుందట, మూలలే లేకపోతే పక్కనుంచి జారిపోతుందట. తాపీమేస్త్రి అంతా శ్రద్ధగా విన్నాడు.

"బాగుంది బావూ. మరి మూల్నేని ఇంటికి ఈశాన్యం మూలెక్కడ పెడతాం?" అన్నాడు.

వదిన కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తింది. ఇల్లు నాలుగు మూలలతోనే లేచింది. ఆ తర్వాత పాత సీలింగు ఫ్యాను రెక్కలతో డాబా మీద గాలిమర పెట్టాడు. అది మొదటి గట్టి గాలికే ఊడి పక్కింటివాళ్ల పశువులశాల మీద పడింది. "మీ అన్న ఇమానం దిగిపోయింది" అని వదిన నాకు ఫోను చేసి మరీ చెప్పింది.

ఇవన్నీ సరదాకి చేసినవి. ఒక్కటి మాత్రం భయంతో చేశాడు.

వదిన పుట్టిల్లు సముద్రానికి దగ్గరగా, జీడితోటల మధ్య ఉన్న ఊరు. వాళ్ల నాన్న కిడ్నీలు పాడై చనిపోయాడు. తర్వాత వాళ్ల అన్న కూడా అలాగే పోయాడు. మా వైపు ఇది ఒక్క ఇంటి కథ కాదు. బయటి ఊళ్లలో పిల్లల మార్కులు అడిగినట్టు ఇక్కడ రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీల సంగతి చెప్పే అంకె, ఎంతుందని అడుగుతారు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు ఇంకిపోయేలా పనిచెయ్యడం అన్నారు, ఎవరూ తేల్చి చెప్పలేదు. వదినకి కూడా ఆ జబ్బు వస్తుందేమోనని అన్నయ్య లోలోపల వణికిపోయేవాడు. ఆమెకి కాస్త నీరసంగా ఉంటే చాలు, ఆమె పాదాల వైపు చూసేవాడు, వాచాయేమోనని.

"ఎండని నేనాపలేను. నీళ్లు నా సేతిలో ఉన్నాయి కదా" అని ఒకరోజు పెరట్లో పని మొదలుపెట్టాడు.

నూతి పక్కన లోతు లేని సిమెంటు తొట్టి కట్టి, లోపల నల్లరంగు వేసి, పైన ఏటవాలుగా అద్దం బిగించాడు. తొట్టిలో నూతి నీళ్లు పోస్తే ఎండకి వేడెక్కి ఆవిరి అద్దానికి పట్టేది. అది చుక్కలై జారి, అంచున ఉన్న గాడిలోంచి గొట్టంలోకి, అక్కణ్ణుంచి స్టీలు బిందెలోకి దిగేది. కరెంటు లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. ఇది తను కనిపెట్టింది కాదని, పుస్తకాల్లో ఉన్నదేనని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తనే చెప్పేవాడు. మా ఎండకి అద్దం ఎంత వాలులో ఉండాలి, ఉప్పుగాలికి ఊడిపోని జిగురు ఏది అన్నవి మాత్రం తను చెడగొట్టి చెడగొట్టి నేర్చుకున్నాడు. వీధిలో పిల్లగుంటలు ఆ అద్దం చూసి "సెమట పడతంది, సెమట పడతంది" అని గంతులేసేవారు. అలా వాటికి చెమట నీళ్లని పేరొచ్చింది.

మండు వేసవిలో కూడా బిందె నిండేది కాదు. ముసురు పట్టిన రోజు చెంబుడు వస్తే గొప్ప. శుద్ధి చేసిన ప్లాంటు నీళ్ల టిన్నులు మా ఊరిదాకా ఒకరోజు వస్తే రెండు రోజులు వచ్చేవి కావు. అందుకని అన్నయ్య ఒక కట్టడి పెట్టాడు. బిందెలో నీళ్లు వదినకే.

"మా ఇంట్లో ఎవులికీ ఆ జబ్బు రానేదు. నేను నూతి నీళ్లే తాగుతాను. నువ్వు ఇవి తాగు, మందనుకుని తాగు" అన్నాడు.

వదిన బుద్ధిగా తలూపింది. ఆమె అంత బుద్ధిగా తలూపడం నేను అంతకుముందు చూడలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎవరు గడప తొక్కినా ముందు "మంచినీళ్లు తాగుతారా" అని అడగడం మనందరికీ అలవాటే. కానీ కొన్నేళ్లుగా మా ఊళ్లలో ఆ మాట అడగడానికి నోరు రావడం లేదు. బయటి నుంచి వచ్చిన చుట్టాలు సంచిలో సీసా తెచ్చుకుంటారు. చెంబు అందిస్తే "ఇప్పుడే తాగొచ్చామమ్మా" అంటారు, కుర్చీ పక్కన పెట్టించుకుని ముట్టుకోకుండా లేచిపోతారు. వాళ్ల తప్పేమీ లేదు, భయం ఎవరికైనా భయమే. కానీ ఆ చెంబు తిరిగి లోపలికి తీసుకెళ్లి పారబోసే ఆడమనిషికి ఎంత తలకొట్టేసినట్టుంటుందో నేను వదిన ముఖంలో చాలాసార్లు చూశాను. ఒకసారి వదిన పినతల్లి కూతురే అలా చేసింది. ఆ రోజంతా వదిన నాతో సరిగా మాట్లాడలేదు.

చెమట నీళ్లు వచ్చాక ఇల్లు మారిపోయింది. ఎవరో ఫొటో తీసి ఫోన్లలో పంపితే కోటబొమ్మాళి నుంచి, ఇచ్ఛాపురం నుంచి కూడా మనుషులు చూడటానికి వచ్చారు. అన్నయ్య ఆదివారాలు అద్దం పక్కన నిలబడి, రేపటి ఇళ్లన్నీ ఇలాగే తమ నీళ్లు తామే చేసుకుంటాయని, తమ కరెంటు తామే పండించుకుంటాయని ఉపన్యాసం ఇచ్చేవాడు. వచ్చినవాళ్లకి రుచి చూడటానికి తలా ఒక గుక్క ఇమ్మనేవాడు, అంతకు మించితే ఒప్పుకునేవాడు కాదు. వదిన గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని నవ్వుతూ వచ్చేది. ఆ రోజుల్లో ఆమె ఎంత అందంగా ఉండేదో చెప్పలేను.

తర్వాత ఒక వానాకాలం వదిన పాదాలు వాచాయి. నేనే పలాస తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాను. కాగితం చూడగానే ఇద్దరికీ అర్థమైంది, మా ఊళ్లలో ఆ అంకెని చదవడానికి డాక్టరు అక్కర్లేదు. అన్నయ్యకి ఎలా చెప్పాలా అని దారి పొడుగునా ఆలోచించాను. తీరా చెప్పాక అన్నయ్య అరవలేదు, ఏడవలేదు. పెరట్లోకి వెళ్లి, తొట్టి ఖాళీ చేసి, అద్దం మీద టార్పాలిన్ కప్పి తాడుతో కట్టేశాడు.

"నా నీళ్లు పనిసెయ్యనేదు సెల్లీ" అన్నాడు.

ఆ తర్వాత ఫోనులో బొమ్మలు చూపించడం మానేశాడు.

కొంతకాలానికి డయాలసిస్ తప్పలేదు. పలాసలో ఆసుపత్రిలో చేయించుకుని, నీరసం తగ్గేదాకా వదిన కాశీబుగ్గలో మా ఇంట్లో పడుకునేది. ఆ జబ్బులో క్రూరమైన సంగతి ఏమిటంటే, నీళ్లు కొలిచి తాగాలి. రోజు మొత్తానికి ఇంతేనని ఒక సీసాలో పోసి ఇచ్చేదాన్ని. ఒక మధ్యాహ్నం దాహం ఆపుకోలేక చిన్న మంచుముక్క అడిగింది. చప్పరిస్తూ, ఉన్నట్టుండి నవ్వింది.

"మీ అన్న పాపం, ఆయన నీళ్లు పనిసెయ్యనేదని ఏడుత్తన్నాడు. నేను తాగితే కదా పనిసెయ్యడానికి."

నాకు అర్థం కాలేదు. ఏమిటన్నావని అడిగాను. అప్పుడు చెప్పింది. అన్నయ్య టెక్కలి వెళ్లిపోయాక వచ్చిన ప్రతి మనిషికీ ఆ బిందెలో నీళ్లే ఇచ్చింది. చుట్టాలకి, ఎండలో చేపలగంప దించుకుని కూర్చున్న ఆడవాళ్లకి, జ్వరం వచ్చిన పక్కింటి ముసలమ్మకి, కొత్తగా పురుడు పోసుకున్న బాలింతలకి. ఆదివారాలు నేను వెళ్లగానే గటగటా తాగిన చెంబు కూడా అందులోదే. తను మాత్రం చిన్నప్పటి నుంచి అలవాటైన నూతి నీళ్లే తాగింది.

నాకు ఒళ్లు మండిపోయింది. జబ్బు మనిషని కూడా చూడలేదు. "నీకు బుద్ధుందా వదినా? అన్నయ్య అది ఎవరి కోసం కట్టాడు?" అని అరిచాను.

"ఓలమ్మా, అరవకు. ఇంటికొచ్చినోల్లకి నూతి నీల్లిచ్చీసి, నా ఒక్కర్తికీ మంచినీల్లు దాసుకుంతానా? అప్పుడు ఆటిని మంచినీల్లని ఎలగ అంతాం?" అంది. మంచుముక్క బుగ్గన పెట్టుకుని మళ్లీ అంది: "మన ఇంట్లో నీల్లు ఎవులూ ఒద్దననేదు. గలాసు కిందికి దించకుండా తాగినారు. నాకదే సాలు."

కోపం ఎటో పోయి ఏడుపు వచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మీ అన్న టెక్కలి పట్టుకెల్లీ సీసాలో కూడా ఆ సెమట నీల్లే పోసీదాన్ని. రుచి తేడా తెలిసిపోద్దని జీలకర్ర ఏసి మరగబెట్టి, కడుపుకి మంచిదని సెప్పీదాన్ని. రోజూ పట్టుకెల్లీవోడు. ఇయ్యేవీ ఆయనకి సెప్పకు. సెప్తే బతకనేడు."

చెప్పనన్నాను.

ఆ చలికాలం పూర్తిగా రాకముందే వదిన పోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లే టైములోనే, మా ఇంటి మెట్ల దగ్గర, నా భుజం మీద. ఇంతకంటే రాయలేను. ఆమె లేకపోవడం నాకు ఎంత కష్టంగా ఉందో ఎవరికీ చెప్పలేదు, ఆడపడుచుకి అంత దుఃఖమేమిటని అనుకుంటారని.

కర్మకాండలు అయిపోయాక ఒకరోజు అన్నయ్య దగ్గరికి వెళ్లాను. వంట చేసిపెట్టి వద్దామని. అప్పుడే సముద్రం ఒడ్డు పల్లె నుంచి ఒక చేపలావిడ వచ్చింది. వదిన చేతి నీళ్లు తాగిన మనిషే. కూతురికి రక్తపరీక్షలో ఇప్పుడిప్పుడే తేడా కనిపించిందట. వాళ్ల పల్లె పైపులైను చివర ఉంది, కుళాయి వస్తే వచ్చినట్టు.

"మాకూ ఒక సెమట తొట్టి కట్టీ బావూ. సిమెంటు మేం తెచ్చుకుంతాం" అని బతిమాలింది.

అన్నయ్య ఆమె ముఖం కూడా చూడలేదు. "అది పనిసెయ్యదమ్మా. మా ఇంట్లోనే పనిసెయ్యనేదు. నువ్వెల్లు" అన్నాడు.

ఆమె గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూశాను. వదినకి ఇచ్చిన మాట ఒకవైపు, మొహం కూడా తెలియని ఆ పిల్ల ఒకవైపు. ఎక్కువసేపు ఆగలేకపోయాను.

"పనిచేసిందో లేదో మనకి తెలియదన్నయ్యా. వదిన ఆ నీళ్లు తాగనే లేదు" అన్నాను.

చెప్పేశాను. చుట్టాలు, చేపలగంపల వాళ్లు, ముసలమ్మ, బాలింతలు, నేను, అందరి సంగతీ చెప్పాను. తాగి ఉంటే బతికేదని నేను అనలేదు. అది డాక్టర్లే తేల్చలేదు, నేనెవరిని? అన్నయ్య నూతి గట్టు మీద కూర్చుని, రెండు చేతులతో గట్టు పట్టుకుని విన్నాడు. మధ్యలో ఒక్కసారి "అందరికీనా?" అన్నాడు. ఔనన్నాను. చెప్పడం అయ్యాక తలెత్తాడు.

"సెల్లీ, నా సీసాలో జీలకర్ర నీళ్లు పోసీది. అయ్యి ఏ నీళ్లు?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. నా నోటికి మాట తడుముకోవడం తెలియదు. అయినా ఆ క్షణం తడుముకున్నాను. అన్నయ్య కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి.

"నూతి నీళ్లేనట. నువ్వు కట్టడి పెట్టావు కదా, నీకు మాత్రం ఇవ్వలేదని చెప్పింది" అన్నాను.

అన్నయ్య చేతులు గట్టు మీద నుంచి జారాయి. అప్పుడు ఏడ్చాడు. వదిన పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. కాసేపటికి తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచాడు. ఆ చేపలావిడ ఎటువైపు వెళ్లిందని అడిగాడు. చూపించాను. పెరటి తలుపు తీసి, గడప దాటబోతూ ఆగాడు.

"పోన్లే సెల్లీ. మీ వదిన వాటా నేను మాత్రం తాగనేదు" అన్నాడు.

"తాగలేదన్నయ్యా" అన్నాను.