రాజేశం ఆరో పాట

నిన్న పొద్దున మంచిర్యాల బస్సులో ఉండగా ఓదెలు ఫోన్ చేశాడు.

"రాజేశం ఇగ లేడురా."

"ఏ రాజేశం?" అన్నాను.

మాకున్నది ఒక్కడే రాజేశం. తెలిసీ అడిగాను.

దిగాల్సిన స్టాప్ దాటిపోయింది. ఎండలో వెనక్కి నడిచి వచ్చాను.

చిన్నవాళ్లకు తెలియదు కాబట్టి చెప్తున్నాను. ఎనభైల చివర్లో మా బొగ్గుబాయి కాలనీలో నలుగురం ఒక బ్యాండ్ పెట్టాం. పేరు సెకండ్ షిఫ్ట్. రాజేశం గిటార్ వాయిస్తూ పాడేవాడు. డేవిడ్‌ది బేస్ గిటార్. ఓదెలు డ్రమ్స్, అవీ పెళ్లిళ్ల బ్యాండువాళ్లను బతిమాలి తెచ్చినవి. నాది మౌతార్గన్.

రాజేశం వాళ్ల బాపు పోశన్న మామ రెండో షిఫ్టుకు బాయి దిగితే వాళ్ల క్వార్టర్ మాది. బ్యాండుకు ఆ పేరు అందుకే. వాళ్ల అవ్వ మేం గిటార్ తీయగానే పక్కింటికి పోయేది.

మేం వాయించేది బ్లూస్ రాక్ అని మాకే తెలియదు. డేవిడ్ సికింద్రాబాద్ నుంచి లేబుల్ లేని ఇంగ్లిష్ క్యాసెట్ ఒకటి తెచ్చాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. రాజేశం రెండుసార్లు విని, "గీయన గూడ బాయిల పనోడే అనుకుంటరా. షిఫ్ట్ దిగి పాడుతుండు" అన్నాడు.

ఆ తీరులోనే తెలుగులో ఆరు పాటలు కట్టాడు. మా మొదటి ఆల్బమ్.

కవర్లు ముందే ప్రింట్ చేయించాం. పెళ్లిళ్లు మొదలైతే ప్రెస్సువాడు శుభలేఖలు తప్ప ఇంకేం ముట్టడు. అందుకని పాటల పేర్లు ఆరూ అచ్చయిన తర్వాత రికార్డింగ్‌కు కూర్చున్నాం.

ఆరోది బాపు మీద పాట. మొదటి చరణంలో బాపు బాయి దిగుతాడు. రెండో దాంట్లో లోపల పని చేస్తాడు. మూడోది వాడు మాకు వినిపించలేదు.

"మూడో దాంట్ల బాపు ఇంటికొస్తడు. రికార్డింగ్ నాడే వినుండ్రి."

రికార్డింగ్ అంటే గది మధ్యలో టేప్‌రికార్డర్ పెట్టడమే. ఐదు పాటలు ముందురోజే అయిపోయాయి. ఆ సాయంత్రం షిఫ్ట్ సైరన్ మోగేదాకా ఆగి, ఇక అడ్డం లేదనుకొని ఆరోది మొదలుపెట్టాం.

రెండో చరణం అయిపోతుండగా సైరన్ మోగింది.

వేళ కాని వేళ సైరన్ మోగితే బాయిలో ప్రమాదం. మా దగ్గర పసిపిల్లకు కూడా తెలుసు. చేతిలోవి పడేసి ఉరికాం. టేప్ ఆపాలని ఎవరికీ తోచలేదు.

లోపల బండ కూలింది. పొద్దుగూకేలోపు పోశన్న మామను పైకి తెచ్చారు. ప్రాణం లేదు.

దినాలు అయ్యాక డేవిడ్, క్యాసెట్ సంగతి ఏం చేద్దామని అడిగాడు.

"ఉన్నది ఉన్నట్టు ఎక్కియ్యి" అన్నాడు రాజేశం.

యాభై క్యాసెట్లు చేశాం. కాలనీలోనే అన్నీ పోయాయి. మేం ఒకటి ఆలోచించలేదు.

ఎవరింట్లో పెట్టినా ఆరో పాటలో సైరన్ మోగేది. పక్కిళ్ల ఆడవాళ్లు బాయి వైపు ఉరికేవాళ్లు.

ఒకరోజు భూలక్ష్మి అని మా వీధిలో ఆమె, పిండి చేతులతో రాజేశం వాకిట్లోకి వచ్చింది.

"నీ పాట మీద మన్నువడ! పొయ్యి మీద రొట్టె ఇడిసిపెట్టి గేటు దాంక ఉరికిన. మా ఆయన ఎదురొచ్చి, ఏమైందే అంటుండు. నీ బాపును మోసినోనివి, మమ్ముల గిట్ల సంపుతవా కొడకా?"

అంత తిట్టి, వాడి గుమ్మంలోనే కూర్చొని ఏడ్చింది.

మర్నాటి నుంచి రాజేశం ఇల్లిల్లూ తిరిగి క్యాసెట్లు వెనక్కి తీసుకున్నాడు. "కడమ ఐదు పాటలు మంచిగనే ఉన్నయ్ గదరా, ఉండనియ్యి" అన్నవాళ్లు కూడా ఉన్నారు. వినలేదు. అందరికీ ఒకటే మాట: "ఆరో పాట సక్కగ పాడి, మళ్ల తెచ్చిస్త."

బాపు ఉద్యోగం వాడికి ఇచ్చారు. అదే బాయి. ఎక్కువగా అదే షిఫ్ట్. బ్యాండ్ అక్కడితో సరి.

ఏటా దసరాకు జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఆరో పాట సంగతి అడిగేవాణ్ని. ఏటా ఏదో ఒకటి చెప్పి దాటేసేవాడు. ఒక్కసారి మాత్రం అన్నాడు:

"బాపు ఇంటికి రాలే గద మల్లేశ్. మూడో చరణం ఎట్ల పాడుత?"

మళ్లీ రెండేళ్లు అడగలేదు.

డేవిడ్ పోయి ఐదేళ్లయింది. రాజేశం ఊపిరితిత్తులు అంతకుముందే చెడిపోయాయి.

పోయిన నెల హాస్పిటల్‌లో నేను ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి ముందు పెట్టాను. "ఎట్లొస్తే అట్ల పాడు" అన్నాను. వాడు మాస్క్ పక్కకు జరిపాడు.

"ఊపిరికే జాగ లేదు. నీ పాటకు యాడికెల్లి తేవాలెరా?"

నవ్వబోయాడు. దగ్గు ఆగలేదు. నర్సు నన్ను తిట్టి బయటికి పంపింది. ఆ ఫోన్‌లో ఇప్పుడు ఆ దగ్గే ఉంది.

కనీసం మూడో చరణం మాటలైనా చెప్పమని అడగాల్సింది. అడగలేదు. వాడు ఎక్కడా రాసిపెట్టలేదు.

నిన్న సాయంత్రం వాడి భార్య మంచం కింది రేకుపెట్టె తీసింది. క్యాసెట్లు. ప్రతి దాని మీద ఎవరిదో పేరు రాసిన చీటీ, దారంతో కట్టి. ఆ పేర్లలో సగం మంది లేరు. మిగతావాళ్లు ఎక్కడున్నారో తెలియదు. క్వార్టర్లు కూడా చాలా వరకు కూల్చేశారు.

"పాట అయినంక ఎవలియ్యి వాళ్లకు ఇయ్యాలె అనేటోడు అన్నా. ఏం చేద్దాం?"

"పాట కాలేదు చెల్లే" అన్నాను.

ఆమె పెట్టె మూసి మళ్లీ మంచం కిందికి తోసింది.

రాజేశం, ఇక ఏ షిఫ్టూ లేదు. నిమ్మళంగా పడుకోరా.