సందడి కోసం తీసుకున్న గది

ఆ రోజుల్లో మనిషి ఎంత సందడి ఉన్న చోట కాపురం పెడితే అంత ఎదిగినట్టని గట్టిగా నమ్మేవాణ్ని. డిగ్రీ పాసై రెండు నెలలు కూడా కాలేదు. హైదరాబాద్ చేరిన నా క్లాస్‌మేట్లు పెద్ద పెద్ద హోటళ్ల ముందు, మెట్రో స్టేషన్ల మెట్ల మీద నిలబడి దిగిన ఫొటోలు గ్రూపులో పెడుతుంటే, నేను జఫర్‌గఢ్‌లో మా భాయ్ టైలర్ షాపులో గుండీలు కుడుతూ ఒక్కో ఫొటోకీ బొటనవేలు గుర్తు కొట్టేవాణ్ని. అలాంటి సమయంలో మహబూబాబాద్‌లో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం దొరికింది. మానుకోట (మా వైపు ఆ ఊరిని అలాగే అంటాం) హైదరాబాద్ కాదని నాకూ తెలుసు. కానీ రైలు ఆగే ఊరు, ఎదురెదురుగా రెండు జ్యూస్ సెంటర్లు ఉన్న ఊరు. జఫర్‌గఢ్ నుంచి చూసేవాడికి అంతకన్నా ఏం కావాలి? షాపులో చేతులు చాలవని భాయ్ ఒప్పుకోలేదు. చివరికి అమ్మీ మధ్యలోకి వచ్చి, ఆరు నెలలు చూద్దాం, అక్కడ బాగా లేకపోతే మారు మాట్లాడకుండా వచ్చేయాలి అని షరతు పెట్టి పంపింది.

పెళ్లి కాని యువకులు నగరంలో ఎలాంటి ఏరియా ఎంచుకోవాలో అప్పుడే ఫోన్‌లో ఎక్కడో చదివాను. నడిచి వెళ్లేంత దూరంలో నాలుగు రకాల తిండి దొరకాలట, రోజూ కొత్త మనుషులు పరిచయం కావాలట, కిటికీ తెరిస్తే జీవితం కనబడాలట. ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని మానుకోట వీధులన్నీ తిరిగాను. మా ఆఫీసులో అందరికన్నా పెద్దాయన, హెడ్ సార్ అని పిలిచేవాళ్లం, నా తిప్పలు చూసి ఊరి చివర కాలనీలో ఒక గది చూపించాడు. శుభ్రమైన గది, ముందు నీడ, ఎప్పుడు తిప్పినా నీళ్లొచ్చే పంపు. అక్కడ పది నిమిషాలు నిలబడితే ఒక కుక్క అటు నుంచి ఇటు నడిచింది, అంతే. “ఇక్కడ జీవితం లేదు సార్” అన్నాను. ఆయన పన్నెండేళ్లుగా ఆ పక్కింట్లోనే ఉంటున్నాడని తర్వాత తెలిసింది.

నాకు నచ్చిన గది మార్కెట్‌కు పోయే వీధిలో, మేడ మీద దొరికింది. కింద గాజుల దుకాణం, దాని పక్కన మూసి ఉన్న పెద్ద షట్టర్, ఎదురుగా చాయ్ హోటల్, బజ్జీల బండి, సెల్‌ఫోన్ల షాపు. కిటికీలోంచి తల బయటపెడితే చాలు, నోట్‌బుక్‌లో రాసుకున్నవన్నీ ఒకేసారి కనబడ్డాయి. ఆ ఇంటి అవ్వ మాత్రం నన్ను పైనుంచి కిందికి చూసి, “సంక్రాంతి ఎల్లంగనే మిరపకాయ దిగుతది బిడ్డా, తట్టుకుంటవా?” అని అడిగింది. లారీల రద్దీ గురించి చెబుతోందనుకున్నాను. రద్దీ కోసమే వచ్చాను అవ్వా అని హుందాగా జవాబిచ్చాను. ఆమె నవ్వి తాళం చేతిలో పెట్టింది. (ఆ నవ్వుకు అర్థం అడిగి ఉంటే నా రుమాళ్లు చాలా మిగిలేవి.)

మొదటి మూడు నెలలు రాజాలా బతికాను. కిటికీ పక్కన చాయ్ గ్లాసు పెట్టి, వెనక వీధి కనబడేలా ఫొటో తీసి గ్రూపులో వేశాను. చాయ్ హోటల్ అన్న నన్ను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. పొద్దున ఆఫీసుకు నడుస్తుంటే నలుగురు సలాం, నమస్తే చెప్పేవారు. మనిషి అన్నాక ఇలా బతకాలి అనుకునేవాణ్ని.

జనవరి ఆఖర్లో ఒక రోజు ఆ మూసి ఉన్న షట్టర్ తెరుచుకుంది. ఒక వ్యాపారి దాన్ని గోదాముగా తీసుకున్నాడట. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి వీధి పొడవునా ఎర్రటి బస్తాలు, షట్టర్ ముందు పరిచిన టార్పాలిన్ పట్టాల మీద మిరపకాయల కుప్ప, చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు. ఎంత రంగు, ఎంత కళ అనుకుంటూ మెట్లెక్కాను. నాలుగో మెట్టు మీద మొదటి తుమ్ము వచ్చింది. గదిలోకి చేరేసరికి లెక్క తప్పింది. ఘాటు కిటికీలోంచి వచ్చింది, తలుపు కిందనుంచి వచ్చింది, ఆరేసిన చొక్కాలోకి చేరి మర్నాడు నాతో పాటు ఆఫీసుకూ వచ్చింది. ఏ కిటికీ కోసం ఆ గది తీసుకున్నానో ఆ కిటికీకి తడిపిన తువ్వాలు కట్టి చీకట్లో కూర్చునేవాణ్ని. ఆ వీధిలో తుమ్మేవాణ్ని నేనొక్కణ్నే. చాయ్ హోటల్లో నేను అడుగుపెడితే అందరూ గ్లాసుల మీద చేతులు అడ్డం పెట్టుకునేవారు.

ఎర్రటి కళ్లతో, కారుతున్న ముక్కుతో ఆఫీసులో కూర్చుంటే హెడ్ సార్ నన్ను పక్కకు పిలిచి, ఎవరో అమ్మాయి కాదన్నంత మాత్రాన జీవితం ఆగిపోదని అరగంట ధైర్యం చెప్పాడు. మిర్చి అని చెప్పాను. ఈ వయసులో అందరూ ఏదో ఒక సాకు చెబుతారని భుజం తట్టాడు. నాకూ ఓపిక అయిపోయింది. సిగ్గు విడిచి, ఆ కాలనీ గది ఇంకా ఖాళీగా ఉందా సార్ అని అడిగాను. ఖాళీగానే ఉంది.

సరిగ్గా అప్పుడే అమ్మీ వచ్చింది. ఫోన్‌లో నా గొంతు విని, వీడు ఏడుస్తున్నాడని భాయ్ చెప్పాడట. ఆమె తొర్రూరులో బస్సు మారి, టిఫిన్ డబ్బాతో దిగింది. గదిలోకి తీసుకురాగానే నేను చేసిన మొదటి పని కిటికీ తెరవడం. ఆ వీధిని అమ్మీకి చూపించాలన్న సంబరంలో దాన్ని ఎందుకు మూశానో మరిచిపోయాను. కింద సరిగ్గా అప్పుడే పట్టాలు దులుపుతున్నారు. చూడు అమ్మీ అనబోయి వరసగా తొమ్మిది తుమ్ములు తుమ్మాను. కళ్లలోంచి ధారగా నీళ్లు.

“క్యా రే, రోరా క్యా?” అంది, ఏడుస్తున్నావా అని. (ఇంట్లో మా మాటలు దక్కనీలోనే సాగుతాయి, మిగిలినవి తెలుగులోనే చెబుతాను.)

లేదమ్మీ, నాకిక్కడ చాలా సంతోషంగా ఉంది అన్నాను. ఆ మాటకు ఇంకా ఎక్కువ నీళ్లొచ్చాయి. ఉద్యోగం బాగుంది, మనుషులు మంచివాళ్లు అని చెబుతూ ముక్కు తుడుచుకుంటున్నాను. ఆమె దండెం మీది నా బట్టలు తీసి ఒక్కొక్కటే మడత పెట్టి సంచిలో సర్దసాగింది. షరతు ప్రకారం నన్ను తీసుకుపోతోందని అర్థమైంది. ఇంక జీవితమంతా గుండీలే. అప్పుడు మాత్రం నిజంగానే ఏడుపొచ్చింది, కానీ తేడా ఎవరికి తెలుస్తుంది?

నీళ్ల చెంబుతో పైకి వచ్చిన అవ్వ ఆ సంచి చూసి, “పిలగానికేం కాలేదమ్మా, కింద మిరపకాయ ఘాటు” అని చెప్పింది.

అమ్మీ నమ్మలేదు. “మిరపకాయకు గింతనా అవ్వా? నేను పదేండ్లు కూలికి ఏరబోయిన. ఒక్క తుమ్ము తుమ్మలే.”

అమ్మీ కూలికి పోయిన సంగతి నాకు తెలుసు. ఏ చేనుకు, ఏ పంటకు అని ఎన్నడూ అడగలేదు. చేతిలో మడత పెట్టిన చొక్కాతోనే ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. చాలాసేపు కిందికి చూసింది. తర్వాత చొక్కా నాకిచ్చి మెట్లు దిగిపోయింది.

అరగంటకీ రాకపోతే రుమాలు కట్టుకుని వెతుక్కుంటూ వెళ్లాను. తొడిమలు తీసే ఆడవాళ్ల మధ్య కూర్చుని, వాళ్లకన్నా వేగంగా తీస్తూ, ఎవరిది ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని ఆరా తీస్తోంది. తర్వాత గాజుల దుకాణంలో ఒక డజను వేయించుకుంది. చాయ్ హోటల్ ముందు బెంచీ మీద కూర్చుని చాయ్ తాగింది. అమ్మీ హోటల్లో చాయ్ తాగడం నేను అంతకుముందు చూడలేదు. సాయంత్రం పైకి వచ్చి తీర్పు చెప్పింది. “గది మంచిగనే ఉన్నది. నీ ముక్కే మంచిగ లేదు.”

ఒక్కరోజు కోసం వచ్చిన మనిషి ఎనిమిది రోజులుంది. ఆ ఎనిమిది రోజుల్లో, నేను మూడు నెలల్లో సంపాదించిన పరిచయాలన్నీ అమ్మీవైపోయాయి. నన్ను ‘ఆమె కొడుకు’ అనడం మొదలుపెట్టారు. తిరిగి బస్సెక్కే ముందు, ఎటో చూస్తూ అంది: “నీకెక్కడుండబుద్ధయితదని నన్ను ఎన్నడెవ్వరు అడగలే గని, అడిగితే గీ బజారే చెప్తుంటి.”

మర్నాడు హెడ్ సార్ దగ్గరికి వెళ్లి కాలనీ గది వద్దన్నాను. ఆయన నా ఎర్రటి కళ్లలోకి చూసి, అయితే ఆ అమ్మాయి ఆ వీధిలోనే ఉందన్నమాట అన్నాడు. ఒక రకంగా నిజమే కదా అనుకున్నాను.

ఆ గదిలో రెండు మిర్చి సీజన్లు తుమ్మాను. నెలకోసారి ఏదో ఒక పని పెట్టుకుని అమ్మీ వచ్చేది. తర్వాత బదిలీ మీద భూపాలపల్లి, అక్కడినుంచి జనగామ. ఇప్పుడు నేనుండేది పిట్టల కూతలు కూడా లెక్కపెట్టగలిగేంత ప్రశాంతమైన కాలనీ. ఏరికోరి నేనే చూసి తీసుకున్నాను. అమ్మీ వస్తే రెండో రోజుకే ఇక్కడ మనుషులు తిరగరా అని అడుగుతుంది. మొన్న చుట్టాలెవరో ఫోన్ చేస్తే, మానుకోటలో మన ఇల్లుండేది, ఏం బజారనుకున్నవు, అని చెప్పుకుంటోంది. అది ఇల్లు కాదు, కిరాయి గది, అందులోనూ ఒకటే గది. సరిచేద్దామని నోరు తెరిచాను. అప్పటికే అమ్మీ చెబుతూ చెబుతూ గాజుల దుకాణం దాకా వచ్చేసింది. ఊరుకుని వినడం మొదలుపెట్టాను.