లీలారాణి అడ్రస్ మారింది

ఐర్లండ్‌లోని లెటర్‌కెన్నీ ఆసుపత్రిలో పనిచేసే తెలుగు నర్సుల్లో లీలారాణి మెయిల్ అడ్రస్ తెలియనివాళ్లు లేరు. చీరాల నుంచి ఆమె ఇక్కడికి వచ్చి దాదాపు ఇరవై ఏళ్లవుతోంది. వచ్చిన కొత్తలో ఇంటికి ఇంటర్నెట్ పెట్టించుకుంటే, ఆ కంపెనీవాళ్లే దాంతోపాటు ఒక మెయిల్ అడ్రస్ ఇచ్చారు. ఆమె దాన్ని ఒకరిద్దరు స్నేహితురాళ్లకు ఇచ్చింది. వాళ్లు తమ జూనియర్లకు ఇచ్చారు. అలా అది గుంటూరు, నెల్లూరు నర్సింగ్ కాలేజీల దాకా పాకింది. ఈ డొనెగాల్ జిల్లాలో ఉద్యోగం ఖాయమైందంటే చాలు, ఆ పిల్ల విమానం ఎక్కకముందే లీలారాణికి మెయిల్ వచ్చేది. చలికి ఎలాంటి కోటు కొనాలి, ఆవకాయ సీసా రానిస్తారా, డబ్లిన్‌లో బస్సు ఎక్కడ ఎక్కాలి, అన్నీ ప్రశ్నలే. లీలారాణి డ్యూటీ దిగి వచ్చి, టీ పెట్టుకుని, రెండు వేళ్లతో టైపు చేస్తూ ఓపిగ్గా జవాబులు రాసేది.

ఆమె భర్త యోనా వృద్ధాశ్రమంలో కేరర్‌గా చేస్తాడు. వీడియో కాల్ మధ్యలో చీరాలలో ఉన్న తన తమ్ముడి ముఖం నోరు తెరుచుకుని అలాగే ఆగిపోవడం చూసీ చూసీ విసిగి, వీధిలోకి ఫైబర్ రాగానే కంపెనీ మార్చేశాడు. వ్యాన్ వచ్చింది, గోడకు కొత్త పెట్టె బిగించి వెళ్లింది. పాత కంపెనీకి ఫోన్ చేసి మానేస్తున్నామని కూడా చెప్పేశాడు. తమ్ముడి ముఖం చక్కగా కదిలింది. ఇంట్లో అందరూ సంతోషించారు.

వారం తిరక్కుండా పాత కంపెనీ నుంచి సందేశం వచ్చింది. ఇన్నాళ్లు మాతో ఉన్నందుకు ధన్యవాదాలు, నెలాఖరున మీ ఖాతా మూసేస్తాం, దానితో వచ్చిన మెయిల్ కూడా ఆగిపోతుంది అని.

“ఏవండీ, మెయిల్ కూడా పోద్దంట!” అంది లీలారాణి.

“మెయిల్ పోవడవేంటి? మనం మార్చింది ఇంటర్నెట్ కదా?” అన్నాడు యోనా అయోమయంగా.

లీలారాణి వెంటనే, డబ్లిన్ పక్కన ఆడమ్స్‌టౌన్‌లో ఉండే గిరీష్‌కు ఫోన్ చేసింది. గిరీష్ వరంగల్ అబ్బాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అతని భార్య అపర్ణ కొంతకాలం లీలారాణితో ఒకే వార్డులో పనిచేసింది. అప్పటినుంచి అతనికి ఆమె అక్క.

“మానేసే ముందుగాల నాకు ఫోన్ జెయ్యాలె గదా అక్కా,” అన్నాడు గిరీష్ నవ్వుతూ. “ఆ అడ్రస్ మీది గాదు, కంపెనీది. చివర్ల వాళ్ల పేరే ఉంటది చూడుండ్రి. వాళ్ల లైను ఉన్నన్ని దినాలే ఆ డబ్బా మీది.”

“మరి నా మెయిల్సన్నీ ఏంగాను? కొత్తగా వచ్చే పిల్లలు దానికే రాస్తారయ్యా!”

“పరేషాన్ గాకుండ్రి. ఏ ఇంటర్నెట్ కంపెనీతోటి సంబంధం లేని మెయిల్ తెరుద్దాం. మల్ల ఎన్ని కంపెనీలు మారినా అది మీతోటే ఉంటది. పాత మెయిల్సన్నీ అందులకు గుంజుదాం. ఈ నెలంతా పాతదానికొచ్చేటివి కొత్తదానికి మళ్లిద్దాం. మీరు మాత్రం బ్యాంకు, నర్సింగ్ రిజిస్ట్రేషన్, జీపీ డాక్టరు, అన్ని చోట్ల అడ్రస్ మార్చుండ్రి. పాతది బతికుండంగనే మార్చాలె. మార్చేటప్పుడు కోడ్ పాతదానికే పంపుతరు.”

కొత్త మెయిల్ తెరవబోతే లీలారాణి అనుకున్న పేరు ప్రపంచంలో ఇంకెవరో ముందే తీసేసుకున్నారు. ఇంటిపేరు కలిపి చూసింది, అదీ పోయింది. సరే, పేరు తర్వాత చూద్దాం, ముందు అందరికీ ఒక మాట చెప్పేయాలి అనుకుని, మర్నాడు ఆసుపత్రిలో టీ విరామంలో హడావిడిగా నాలుగు వాక్యాలు రాసి తన దగ్గరున్న అడ్రసులన్నిటికీ పంపేసింది.

“ప్రియమైన వారందరికీ వందనాలు. నా అడ్రస్ మారుతోంది. నెలాఖరు తర్వాత నేను ఇక్కడ ఉండను. కొత్త అడ్రస్ ఖాయం కాగానే చెబుతాను. ఇన్నేళ్లు మీరు చూపిన ప్రేమకు కృతజ్ఞతలు.”

సాయంత్రం వార్డు వరండాలో ఫెబి ఎదురొచ్చింది. కిందటేడు నెల్లూరు నుంచి వచ్చిన నర్సు. కళ్లనిండా నీళ్లు.

“ఒక్క మాటైనా ముందు చెప్పలేదేంటక్కా?”

“అందరికీ ఒకేసారి చెబుదామనుకున్నానమ్మా.” మెయిల్ కోసం ఇంత బాధేమిటా అని లీలారాణికి ఆశ్చర్యం వేసింది.

“అక్కడ బాగుంటుందా?”

“బాగుంటదంట. గిరీష్ చూసిపెట్టాడు. చాలా చోటుందంట.”

ఫెబి గట్టిగా కౌగిలించుకుని ముక్కు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. లీలక్క గిరీష్ ఉండే ఆడమ్స్‌టౌన్‌కు వెళ్లిపోతోందని రాత్రికల్లా అందరికీ తెలిసిపోయింది.

చర్చిలో తెలుగువాళ్ల సహవాసాన్ని నడిపే రాబర్ట్ యోనాను సూపర్‌మార్కెట్‌లో పట్టుకున్నాడు. “మారుతున్నారంట కదా బ్రదర్?”

“ఆ, మారక తప్పలేదు. ఇక్కడ మరీ స్లో అయిపోయింది. ఓర్చుకుని ఓర్చుకుని ఇక మావల్ల కాలేదు,” అన్నాడు యోనా.

రాబర్ట్ మొహం చిన్నబోయింది. “అవున్లెండి, డబ్లిన్ అంత స్పీడు లెటర్‌కెన్నీకి ఎక్కడిది? ఈ ఆదివారం మాత్రం ఇద్దరూ తప్పకుండా రావాలి.”

పక్కింటి బ్రైడీకి కూడా సంగతి చేరింది. గోడ మీదుగా, వ్యాన్ ఎప్పుడొస్తుందని అడిగింది. ఎప్పుడో వచ్చి వెళ్లిపోయిందని లీలారాణి హుషారుగా చెప్పింది. బ్రైడీ కిటికీలోంచి కదలకుండా ఉన్న సోఫాను చూసి, ఏమీ అర్థంకాక, ఇక్కడివాళ్లు అన్నిటికీ అనే “గ్రాండ్, గ్రాండ్” అంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో బల్ల మీద పెద్ద కేకు పెట్టారు. బిర్యానీ గిన్నెలు వచ్చాయి. లీలారాణిని, యోనాను ముందు కుర్చీల్లో కూర్చోబెట్టారు.

“ఎవరు వెళ్లిపోతున్నారండీ?” అని లీలారాణి భర్త చెవిలో అడిగింది.

“నాకేం తెలుసు? తెలియనట్టు కనపడకు,” అన్నాడు యోనా.

ఫెబి లేచి మాట్లాడింది. డబ్లిన్ ఎయిర్‌పోర్టులో దిగిన రోజు తన బస్సు తప్పిపోయిందట. ఫోన్‌లో ఇక్కడి సిమ్ లేదు. అక్కడి వైఫైతో, ఎప్పుడూ చూడని లీలక్కకు మెయిల్ పెట్టింది. నిమిషాల్లో జవాబు వచ్చింది. తర్వాతి బస్సు వచ్చేదాకా ఇద్దరూ రాసుకుంటూనే ఉన్నారు. “ఏం తిన్నావు అని అడిగిందక్క. ఆ ఒక్క మాటకి నాకు ఏడుపాగలేదు,” అంది. తర్వాత మరొకరు లేచారు, ఇంకొకరు లేచారు. లీలారాణి మర్చిపోయినవెన్నో వాళ్లు గుర్తుపెట్టుకున్నారు. ఆమె చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సందర్భం ఏమిటో మాత్రం ఇంకా తెలియలేదు.

చివరికి రాబర్ట్ చేతులు చాచి, “ఆడమ్స్‌టౌన్‌లో వీరి కొత్త ఇంటిని ప్రభువు దీవించును గాక,” అన్నాడు.

లీలారాణి దిగ్గున లేచింది. “ఆడమ్స్‌టౌన్ ఏంటి బ్రదర్? మేవెక్కడికి పోతున్నాం?”

“మీరే రాశారు కదా సిస్టర్, నెలాఖరు తర్వాత ఇక్కడ ఉండనని!”

“అయ్యో, నేను ఉండనంది ఇంట్లో కాదు, మెయిల్‌లో! మారేది మెయిల్ అడ్రస్!”

ముందుగా నవ్వింది యోనా. “అందుకా రాబర్ట్ బ్రదర్, నేను స్లో అంటే అంత బాధపడ్డారు!” ఇక నవ్వులు ఆగలేదు. ఫెబి నవ్వుతూనే ఏడుస్తూ వచ్చి మళ్లీ కౌగిలించుకుంది. వంట చేసినవాళ్లు బిర్యానీ ఎలాగూ ఉందిగా, తినేద్దామన్నారు.

“ఉండండి,” అంది లీలారాణి, కేకు కత్తి చేతిలోకి తీసుకుని. “ముందు ఫోన్లు తీయండి. కొత్త అడ్రస్ ఎక్కించుకున్నవాళ్లకే ముక్క.”

పేరు అక్కడికక్కడే తేల్చారు. అందరూ పిలిచే ‘లీలక్క’కు ఊరి పేరు తగిలిస్తే, అది మాత్రం ఎవరూ తీసుకోలేదు. ఫెబి తన కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లోకి పంపింది, మిగతావాళ్లు తమతమ కాలేజీలకు పంపారు. మరుసటి వారం గిరీష్ చెప్పినట్టే పాత మెయిల్స్ అన్నీ కొత్తదాంట్లోకి వచ్చాయి. మొదటి ఏడాదివి కొన్ని తెరుచుకోలేదు. అందుకు ఆమె కాసేపు దిగులుపడింది. బ్యాంకూ రిజిస్ట్రేషనూ అన్నీ మారాయి. నెలాఖరున పాత డబ్బా మూతపడినప్పుడు లీలారాణి డ్యూటీలో ఉంది. ఆ సంగతి ఆమె గమనించనే లేదు. అప్పటికే కొత్త అడ్రస్‌కు ఒంగోలు నుంచి ఒక పిల్ల రాసింది, వచ్చే మంగళవారం బయల్దేరుతున్నానని. లీలారాణి ఆ రోజుకు సెలవు పెట్టడానికి మేనేజర్ దగ్గరకు వెళ్లింది.

మేనేజర్ తలెత్తి చూసి, “లీలా, నువ్వు ఇంకా ఇక్కడే ఉన్నావా?” అంది.