దస్తగిరి మామ సీలు వేసిన పంపు

నేల మీద ఒలికిన డీజిలుకు ఒక వాసన ఉంటుంది. బండలు కోసే మిషను కింద పారే తెల్లటి నీళ్లకు ఇంకో వాసన. బేతంచెర్లలో ఎండ నడినెత్తికి ఎక్కే వేళకు ఈ రెండూ కలిసిపోతాయి. మొన్న నా షెడ్డు ముందు ఒక డ్రైవరు ట్యాంకు పైపు విప్పినప్పుడు ఆ వాసన గుప్పున కొట్టింది. నేను చేతిలో స్పానర్ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. వెనకనుంచి ఎవరో "పాపా" అని పిలిచినట్టయింది. ఈ ఊళ్లో నన్ను అట్లా పిలిచిన మనిషి ఒక్కడే. ఆయన చనిపోయి చాలా కాలమైంది.

ఆయన పేరు దస్తగిరి. లారీల డీజిలు పంపులు బాగుచేసేవాడు. పంపు అంటే తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. ఇంజనుకు ఎప్పుడు ఎంత డీజిలు కావాలో కొలిచి, గట్టిగా ఒత్తి, లోపలికి చిమ్మేది అదే. దాని వెనక ఒక చిన్న స్క్రూ ఉంటుంది. ఆ స్క్రూను కాస్త తిప్పితే డీజిలు ఎక్కువ పోయి బండికి బలం వస్తుంది. నిండా బండలు వేసుకుని కూడా ఎత్తు ఎక్కేస్తుంది. అందుకే సరిచేసిన తరువాత ఇంకెవరూ దాన్ని ముట్టుకోకుండా సన్నటి తీగ చుట్టి, చివర సీసం బిళ్ల నొక్కి సీలు వేస్తారు. నేను ఐటీఐలో డీజిల్ మెకానిక్ పాసై వచ్చినప్పుడు ఆడపిల్లకు పని ఇచ్చే షెడ్డు ఈ చుట్టుపక్కల ఒక్కటీ దొరకలేదు. దస్తగిరి మామ నన్ను ఏమీ అడగలేదు. కిరసనాయిలు పోసిన ట్రేలో, ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిళ్లు వేసి నా ముందుకు తోశాడు. ఆ సాయంత్రం వాటిని ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసి, రేపు కూడా రమ్మన్నాడు. నా బతుకుదెరువు అట్లా మొదలైంది.

మాటలు తక్కువ మనిషి. ఇంజను స్టార్టు చేయించి, పంపు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. నా చెయ్యి కూడా తీసుకుని అక్కడ పెట్టేవాడు. మొదట్లో నాకు వేడి తప్ప ఏమీ తెలిసేది కాదు. తరువాత తరువాత, లోపల ఏ సిలిండరు సరిగా కొడుతోందో, ఏది వెనకబడుతోందో చేతికి తెలియడం మొదలైంది. బాగుచేయడానికి ఎంత పాత పంపు తెచ్చినా కాదనేవాడు కాదు. కానీ ఆ స్క్రూ తిప్పి "పికప్పు పెంచు మామా" అని అడిగితే మాత్రం పక్క షెడ్డుకు పొమ్మనేవాడు. ఆ మాట మీద గొడవపడి పోయినవాళ్లు ఉన్నారు, బతిమాలినవాళ్లు ఉన్నారు. ఆయన తల ఎత్తేవాడు కాదు.

ఎందుకని ఒకరోజు అన్నం తినేటప్పుడు అడిగాను. ముద్ద కలుపుతూనే చెప్పాడు. ఆయనకు మాబాషా అని ఒక తమ్ముడు ఉండేవాడట. నంద్యాల దాటి గిద్దలూరు వైపు పోయే నల్లమల ఘాట్‌లో లారీ మీద బండలు తోలేవాడు. ఎత్తు ఎక్కలేకపోతాండానని పదేపదే అడిగితే, ఈయన తన చేత్తోనే స్క్రూ తిప్పి ఇచ్చాడు. బండి పరుగులు తీసింది. బలం ఉంది కదా అని మాబాషా ప్రతి ట్రిప్పుకూ బరువు పెంచుతూ పోయాడు. ఒకనాడు ఎత్తంతా ఎక్కి, అవతల పల్లంలో దిగుతూ ఉంటే బ్రేకులు కాలిపోయాయి. మలుపులో లారీ లోయలో పడింది.

"ఎక్కేదానికి బలం ఇచ్చినా పాపా," అన్నాడు మామ. "దిగేదానికి వానికి ఏమీ ఇయ్యలే."

ఆ తరువాత కొంత కాలానికి మా అన్న ఓబులేసు బద్వేలులో ఒక పాత లారీ కొన్నాడు. ఇంజను పొగ ఎక్కువ కక్కుతోందని మా షెడ్డుకు తెచ్చాడు. లారీ ఇంకా రోడ్డు మలుపు తిరగలేదు, గోడ అవతల చప్పుడు మాత్రమే వినిపిస్తోంది. టీ తాగుతున్న మామ గ్లాసు కింద పెట్టేశాడు. అన్న దిగివచ్చి పలకరించినా ఆయన చూపు బండి మీదే ఉంది. దగ్గరికి పోయి పంపు మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు.

"ఇది మా వాని పంపు," అన్నాడు నాతో, మెల్లగా.

లోయలోంచి తీసిన లారీని పాత ఇనుము కింద అమ్మేశారట. అందులోని పంపు ఏయే చేతులు మారిందో, చివరికి ఈ బండికి బిగించారు. పంపు అడుగున దస్తగిరి మామ ఉలితో కొట్టుకున్న గుర్తు నాకూ చూపించాడు. స్క్రూ చూస్తే, తమ్ముడి కోసం ఎంత తెరిచాడో అంతే తెరిచి ఉందన్నాడు. దాన్ని తగ్గించి మామూలుగా పెట్టాడు. ఆ వేళ తీగ చుట్టి సీసం నొక్కింది నేనే.

వారం తిరక్కుండా అన్న మళ్లీ వచ్చాడు, ముఖం వెలిగిపోతూ. ఘాట్‌లో బండి ఎన్నడూ లేనంతగా లాగిందట. బరువు ఇంకొంచెం వేసి చూశాడట, అయినా తగ్గలేదట. మామ చేతిని తెగ పొగిడాడు. ఇంకో మాట కూడా నవ్వుతూ అన్నాడు.

"పక్క సీట్లో ఎవరో కూర్చున్నట్లే ఉంటాది. మంచిదేలే, నిద్ర రాదు."

మామ నవ్వలేదు. నన్ను పిలిచి పంపు చూడమన్నాడు. నేను నొక్కిన సీసం బిళ్ల చెక్కుచెదరలేదు. తీగ ఎక్కడా తెగలేదు. తెంచి లోపల చూస్తే స్క్రూ మళ్లీ అంతే తెరిచి ఉంది. నేను చదువుకున్న కారణాలన్నీ వెతుక్కున్నాను. అదురుకు, స్క్రూను బిగించే నట్టు వదులైతే స్క్రూ తిరుగుతుంది, నిజమే. కానీ తిరిగి తిరిగి సరిగ్గా అక్కడికే వచ్చి ఎట్లా ఆగుతుంది? ఆ నట్టు కూడా బిగుతుగానే ఉంది.

మామ మళ్లీ తగ్గించి, ఇంజను వేయమన్నాడు. అన్న తాళం తిప్పి, బండి దిగి మా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కేబిన్‌లో ఎవరూ లేరు. మొదట ఇంజను నెమ్మదిగానే కొట్టుకుంది. తరువాత దాని గొంతు పెరగడం మొదలైంది. ఆక్సిలేటరు తొక్కినవాళ్లు లేరు. అయినా వేగం పెరుగుతూనే పోయింది. పొగగొట్టంలోంచి నల్లటి పొగ నిలువుగా లేచి ఎండను కమ్మేసింది. అన్న కేబిన్ ఎక్కి ఇంజను ఆపే తీగ లాగాడు. తాళం పెరికి చేతిలోకి తీసుకున్నాడు. ఇంజను ఆగలేదు. బండి మొత్తం వణుకుతోంది, షెడ్డు రేకులు టకటకా కొట్టుకుంటున్నాయి. పంపు ఇరుక్కుని ఇంజను అదుపు తప్పితే అది పేలిపోయే దాకా పరుగెడుతుందని మాకు క్లాసులో చెప్పారు. గాలి లోపలికి పోయే మూతి మూస్తే తప్ప ఆగదని కూడా చెప్పారు. అన్న కిందికి దూకి నా రెక్క పట్టి బయటికి ఈడ్చాడు.

మామ గోడకు ఆనించి ఉన్న నాపబండ ముక్క ఎత్తుకుని ఇంజను దగ్గరికి నడిచాడు. గాలి గొట్టం ఊడబీకాడు. బండను రెండు చేతులతో మూతి ఎదుట పట్టుకుని, అరవకుండా, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు అన్నాడు.

"చాల్లే మాబాషా. దిగిరా నాయనా."

ఇంజను ఆగిపోయింది. బండకూ గాలి మూతికీ మధ్య ఇంకా జానెడు ఎడం ఉంది. నేను చూశాను, మా అన్న కూడా చూశాడు. ఆ తరువాత వచ్చిన నిశ్శబ్దంలో, కాలిన ఇనుము చల్లబడుతూ చేసే చిటపటలు తప్ప ఏమీ లేవు. మామ బండను కింద పెట్టి, అక్కడే మట్టిలో కూర్చుని, చాలాసేపు భుజాలు అదిరేలా ఏడ్చాడు. తమ్ముడు పోయినప్పుడు ఆయన ఏడవలేదని వాళ్ల ఇంట్లో వాళ్లు తరువాత నాకు చెప్పారు.

ఆ పంపు విప్పి, సమ్మెటతో ముక్కలు చేసి, నీళ్లు నిండిన ఒక పాత గనిలో పారేశాడు. అన్న బండికి వేరే పంపు ఎక్కించాడు. అది అంత బలమైనది కాదని అన్నకు తెలుసు, అయినా ఒప్పుకున్నాడు. మరుసటి ట్రిప్పుకు మామ తానూ వస్తానన్నాడు, నన్నూ ఎక్కమన్నాడు. తెల్లారి బయలుదేరి, పొద్దు బాగా ఎక్కేసరికి ఘాట్ పైన ఉన్నాము. అన్న గేరు తగ్గించి పల్లంలో దిగుతున్నాడు. ఒక మలుపు ముందర మామ అన్న భుజం తట్టాడు.

"పక్కకు తీసి నిలుపప్పా. వెనక బండి వస్తాంది. పోనీ."

అద్దంలో ఖాళీ రోడ్డు కనిపిస్తోంది. అన్న అయినా ఆపాడు. ముందు చప్పుడు వినిపించింది. బరువుతో, చిన్న గేరులో దిగుతున్న లారీ చప్పుడు. అది దగ్గరయింది. మా కిటికీ పక్కగా సాగింది. కాలిన బ్రేకుల వాసన వచ్చి, రోడ్డు అంచున రాలి ఉన్న టేకు ఆకులు లేచి పడ్డాయి. చప్పుడు కింద మలుపు తిరిగి తగ్గిపోయింది. రోడ్డు మీద ఏమీ లేదు. మామ పెదవులు కదులుతున్నాయి. తరువాత, ఇంక పోదాం అన్నట్టు చెయ్యి ఊపాడు. అన్న ఆ తరువాత ఎన్నో ఏళ్లు ఆ దారిన తోలాడు, ఒంటి మీద గీత పడకుండా పని మానుకుని ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడు.

దస్తగిరి మామ మంచంలో, తన వాళ్ల మధ్య పోయాడు. షెడ్డు నాకు అప్పగించాడు. ఇప్పుడు కొత్త లారీలకు పంపును కంప్యూటరు నడుపుతుంది, కానీ గనుల దగ్గర పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పికప్పు పెంచమని అడిగేవాళ్లూ వస్తూనే ఉన్నారు. నేను ఆయనలాగా పక్క షెడ్డుకు పంపను, పంపితే అక్కడ ఎవరో ఒకరు తిప్పి ఇస్తారు. కూర్చోబెట్టి, ఎక్కడ దిగుతావు, ఎంత బరువుతో దిగుతావు, బ్రేకులు ఎప్పుడు చూపించావు అని అడుగుతాను. పంపు సరిచేశాక మొదటి ట్రిప్పు ఘాట్ దాకా నేనూ పోతాను. లేనిపోని చాదస్తమని కొందరు నవ్వుతారు, నవ్వుకుంటూనే ఎక్కించుకుంటారు.

పోయిన నెలలో ఒక కుర్ర డ్రైవరుతో అట్లాగే పోయాను. కడప అవతలి వాడు, ఆ దారికి కొత్త. ఎత్తు ఎక్కినంతసేపూ పాటలు పెట్టుకుని హుషారుగా ఉన్నాడు. పల్లం మొదలయ్యాక పాటలు కట్టేశాడు. మామ ఆనాడు ఆపించిన మలుపు వస్తోందని నేను నోరు తెరవబోయేలోపే వాడు వేగం తగ్గించి, బండిని ఎడమకు తీసి నిలిపాడు. ఎందుకు ఆపావని అడిగాను.

"వెనక లారీ వస్తాంది గదక్కా," అన్నాడు. "తొందరలో ఉన్నట్టుండాడు."

నేను అద్దంలోకి చూడలేదు.

"వాన్ని పోనీ అప్పా," అన్నాను.