సూర్యలంకలో తంగేడు పూలు

హన్మకొండ చౌరస్తాలో తంగేడు పూల కట్టలు అమ్మకానికి వచ్చినయంటే, ఆ పచ్చి వాసనకు నాకిప్పటికీ చెవులు వేడెక్కుతయి.

నేనప్పుడు మూడో తరగతి. తంగేడు, గునుగు పేర్చిన సద్దుల బతుకమ్మను చెరువులో వదులుతూ నానమ్మ, "చెర్ల నుంచి వాగుకు, వాగు నుంచి గోదారికి, ఆన్నుంచి సముద్రానికి పోతది బిడ్డా" అన్నది. దసరా అయిన వారానికి బాపు నానమ్మను, మమ్మల్ని సూర్యలంక బీచ్‌కు తీసుకపోయిండు. రైలు డోర్నకల్ దాటినప్పటి నుంచి నాకు ఒకటే ఫికర్, మా పూలు మాకంటే ముందే చేరినయా అని.

అక్కడ ఉప్పుగాలికి ఒళ్లంతా జిగట, చెమట ఆరనే ఆరదు. అందరూ నీళ్లల్లో ఆడుతుంటే నేను మాత్రం వంగి వంగి ఒడ్డంతా దేవులాడుతున్న.

"ఏం పోగొట్టుకున్నావమ్మా?" అని అడిగింది ఎవరో ఒకావిడ.

"మా బతుకమ్మ ఇంకా రాలే."

ఆమె పిల్లలు పడీపడీ నవ్విండ్రు. "గోదావరి కలిసేది ఇక్కడ కాదు, అటు అంతర్వేది దగ్గర" అని పెద్దబ్బాయి ఒడ్డు వెంబడి చెయ్యి చూపించిండు. నేను తలెత్తలేకపోయిన. నానమ్మ మాత్రం అటే చూసి, "అయితే ఆడికి చేరే ఉంటది తియ్" అన్నది. ఆ మాటకు నాకు ఇంకా సిగ్గయింది.

మొన్న బతుకమ్మను వదిలినంక నా బిడ్డ అడిగింది: "అమ్మా, ఇదెక్కడికి పోతది?"

"ఎక్కడికీ పోదు. పొద్దున మున్సిపాలిటోళ్లు తీసేస్తరు" అన్న, నవ్వుతూ.

దాని మొహం చిన్నబోయింది. అప్పుడు నా నవ్వు నాకే వినపడింది, సూర్యలంక ఒడ్డున ఆ పిల్లల నవ్వు విన్నట్టే.