జైలు గోడ మీద పాకాలమ్మ పేరు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకే. చిత్తూరులో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. కంటితో చూడందీ చేత్తో తాకందీ నమ్మే అలవాటు లేదు. అందుకే ఇక్కడ కూడా నేను చూసిందీ తాకిందీ మాత్రమే రాస్తున్నాను.

మాది పీలేరు దగ్గర పల్లె. మా అన్న మునిరత్నం పటాలంలో ఉండేవాడు. నలభై ఒకటి చివర్లో సెలవు మీద ఇంటికొచ్చి పదిరోజులుండి వెళ్లాడు. ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే సింగపూరు జపాన్ వాళ్ల చేతికి పోయింది. అక్కడున్న మనవాళ్లంతా ఖైదీలయ్యారు. అన్న దగ్గర్నుంచి ఒక్క కార్డు ముక్క రాలేదు. మేం రాసిన ఉత్తరాలు ముద్రలు వేయించుకుని మా ఇంటికే తిరిగొచ్చాయి.

అన్న వెళ్లేటప్పటికి మా వదిన చెంగమ్మ కడుపుతో ఉన్న సంగతి ఎవరికీ తెలియదు. ఆమెకే తెలియదు.

నలభై రెండు సెప్టెంబరులో, వినాయక చవితి వెళ్లిన వారానికి వదినకు నొప్పులొచ్చాయి. చిత్తూరు ఆసుపత్రికి రైల్లో తీసుకుపోతుంటే పాకాలలో బండి మారే దగ్గరే బిడ్డ పుట్టింది. స్టేషన్ ఊడ్చే ఆమె బొడ్డు కోసింది. తన తల్లి, మా జేజి పేరు పెట్టాలని నాయన అనుకున్నాడు గానీ, వదిన పట్టుపట్టి బిడ్డకు పాకాలమ్మ అని పెట్టింది. అలాంటి పేరు మా వైపు మళ్లీ నేను వినలేదు.

యుద్ధం అయిపోయింది. వచ్చేవాళ్లు వస్తున్నారు. మాకు మాత్రం సర్కారు కాగితం వచ్చింది. జాడ తెలియలేదు, చనిపోయినట్టే అనుకోవాలి అని. నాయన దాన్ని నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత పెద్దలను పిలిచి, దర్భలతో అన్న బొమ్మ చేసి దహనం చేయడానికి రోజు పెట్టించాడు. వదిన తాళి తీసేది కూడా ఆ రోజే.

"ఆయన్ను నా కండ్లకు సూపిచ్చినాక తీయండి," అంది వదిన. ఎవరూ వినలేదు. నాలుగేళ్లు ఎదురుచూశాం, ఇంక చాలన్నారు.

ఆ దహనానికి ముందురోజు మధ్యాహ్నం, మా బడిలో చదివే పిల్ల తల్లి ఒకామె చెప్పింది. బజారులో ఖాదర్ అనే దర్జీ ఉన్నాడట. సింగపూరు ఖైదు నుంచి తిరిగొచ్చాడట. అక్కడి జైలు గోడ మీద రాసిన పేర్లు తెచ్చాడట. గంట కొట్టకముందే సెలవు అడిగి పరిగెత్తినట్టుగా వెళ్లాను.

ఖాదర్ సాయిబు ఎముకల గూడులా ఉన్నాడు. విషయం చెప్పగానే మిషను తొక్కడం ఆపి, లోపల్నుంచి గుడ్డమూట తెచ్చి విప్పాడు. అన్నీ పల్చటి కాగితాలు. తెల్లటి గీతలు తప్ప మిగతాదంతా పెన్సిలు మసి.

"ఒక గదిలో ముందుండే వాళ్లను ఓడెక్కించి, మమ్మల్ని పెట్టినారమ్మా," అన్నాడు. "గోడనిండా మేకుతో గీకిన పేర్లు. మనిషి యాడుండాడో తెలీదు, పేరన్నా ఇంటికి చేరాల కదా. కాగితం అద్ది పెన్సిలుతో రుద్దినా. తెలుగు మాట్లాడతా గానీ నాకు సదివేది రాదు. మాతో ఉండే గుమాస్తా ఒకాయన మూలన తారీకు ఏసిచ్చినాడు."

వచ్చినప్పటినుంచీ ఎవరిచేతనో చదివించుకుంటూ, ఊరూరా తిరిగి ఆ పేర్లు ఇళ్లకు చేరుస్తున్నాడట. నాయుడుపేట దాకా పోయి ఒక తల్లికి ఇచ్చి వచ్చాడట. ఇంకా పదిహేను దాకా మిగిలాయి.

ఒక్కొక్కటీ వెలుగుకు పట్టి చదివాను. అలిపిరి పక్కన ఉండే ఒకాయన పేరు, ఊరితో సహా దొరికింది. ఖాదర్ ముఖం వెలిగిపోయింది. ఇంకో రెండు చదివాను. తొమ్మిదో కాగితం తీశాను. చదవకముందే ఎవరి రాతో తెలిసిపోయింది. మా అన్న మకారవత్తును అక్షరానికి ఆనించడు. కిందికి జారిపోయినట్టు దూరంగా రాస్తాడు. బడిలో దానికోసం దెబ్బలు కూడా తిన్నాడు.

మూడు పేర్లు, ఒకదానికింద ఒకటి. పైకే చదివాను. మునిరత్నం. చెంగమ్మ. పాకాలమ్మ.

నేను బజారులో ఉన్నానన్న సంగతి మరిచి గట్టిగా అరిచాను. "మా అన్న! ఈయన్ను చూశారా?"

"ఆయన్ను నేను సూడలేదమ్మా. గోడనే సూసినా. వాళ్లను యాడో దూరం దీవులకు పంపినారంట." కాగితం మీద వేలు పెట్టి అడిగాడు. "ఆ మూడోది ఎవురు? మీ ఊరి అమ్మవారా?"

"ఆయన కూతురు," అన్నాను. ఆ సంతోషంలో నాకు ఇంకేమీ తట్టలేదు. ఆ కాగితం నన్నే ఉంచుకోమన్నాడు.

మర్నాడు తెల్లారి మొదటి బండి ఎక్కాను. అది ఆలస్యంగా నడిచింది. పాకాలలో దిగేసరికి పీలేరు బండి వెళ్లిపోయింది. స్టేషను బయట చెనక్కాయ మూటల లారీ ఒకటి కదలబోతుంటే అడ్డం నిలబడ్డాను. డ్రైవరు తిట్టబోయి, నా మాట విని ముందు కూర్చోబెట్టుకున్నాడు. దారి పొడవునా హారను కొడుతూనే ఉన్నాడు పాపం, నాకంటే ఆయనకే తొందరగా ఉన్నట్టు.

రోడ్డు మీద దిగి, చేలకు అడ్డంపడి పరిగెత్తాను. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలియదు. ఏటి ఒడ్డున జనం కనిపించారు. కట్టెల మీద దర్భబొమ్మ. నాయన చేతిలో నిప్పు. కాస్త దూరంగా ఆడవాళ్ల మధ్య బిడ్డతో వదిన.

"నాయనా, ఆపు!"

"ఏందిమ్మే ఆ అరుపు?" అన్నాడు నాయన.

ఇది సింగపూరు జైలు గోడ మీద అన్న గీకింది అని ఆయాసపడుతూ చెప్పాను. కాగితం చూపించి మూడు పేర్లూ చదివాను. వదిన ఉన్నచోటే కూలబడి బిడ్డను గట్టిగా పట్టుకుంది. నాయన నిప్పు పక్కనపెట్టి కాగితం తీసుకున్నాడు. ఆయనకు చదువు రాదు. గీతల మీద వేలు పెట్టి మెల్లగా తడిమాడు.

పెద్దల్లో ఒకాయన అన్నాడు, "అప్పుడెప్పుడో గీకిన పేరు అబ్బా ఇది. ఇప్పుడు బతికుండాడని యాడుండాది దీంట్లో?"

నాయన ఆయన వైపు చూడలేదు. నన్నే చూస్తూ, "పాకాలమ్మ అని వానికెట్ట తెలిసె?" అన్నాడు.

కాగితం ఆయన చేతిలోంచి మళ్లీ తీసుకున్నాను. కాగితం మూలన ఇంగ్లీషులో వేసిన తారీకు నేను అప్పుడే సరిగా చూశాను. నలభై రెండు, జూన్. పాకాలమ్మ పుట్టింది అదే ఏడు సెప్టెంబరులో. ఆ మాట పైకి చెప్పాను.

నాయన కట్టెల మీది బొమ్మను చేత్తో లాగి, కట్లు విప్పి, దర్భలు ఏట్లో పారేశాడు. "బిడ్డ పేరు తెలిసినోడు బతికే ఉండాడు. పాండి ఇండ్లకు," అన్నాడు. వదిన తాళి వదిన మెడలోనే ఉండిపోయింది.

నాలుగు నెలలకు మద్రాసు ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. అన్న బతికే ఉన్నాడు. దీవుల్లో జబ్బుపడి, పేరూ నంబరూ తారుమారై, వేరేవాళ్ల లెక్కలో కలిసిపోయాడట. ఆ రోజే నాయనా నేనూ రైలెక్కాం.

దారిలో నాయనకు గట్టిగా చెప్పాను. బిడ్డ సంగతి ఎత్తవద్దు, ముందు కాగితం చూపిద్దాం అని. ఆయన ఒప్పుకున్నాడు.

మంచం మీద అన్నను చూసి ఇద్దరం ఏడ్చాం. కాస్త కుదుటపడ్డాక కాగితం అన్న చేతికిచ్చాను. చూస్తూనే గుర్తుపట్టాడు. "ఈ గోడ... నీకెట్ట దొరికె మే? రెండు దినాలు గీకినా దీన్ని." పైనుంచి కిందికి చదివాడు. మూడో పేరు దగ్గర ఆగాడు. మళ్లీ చదివాడు.

"నేను రెండు పేర్లే రాసినా. రాత సూస్తే నాదే. పాకాలమ్మ ఎవురు?"

నాయన మంచం మీద అన్న పక్కన కూర్చున్నాడు. "నీ కూతురప్పా," అన్నాడు.

అన్న ముఖం అప్పుడు ఎలా మారిందో రాయడం నాకు చేతకాదు. నవ్వాడు, కాగితంతో కళ్లు మూసుకున్నాడు, పక్క మంచాల వాళ్లందరినీ పిలిచి "నాకు కూతురుండాది" అని చెప్పాడు.

తర్వాత నేను చేయగలిగిన విచారణ అంతా చేశాను. గోడ గీకేటప్పుడు జ్వరంతో ఉన్నావా అని అన్నను అడిగాను. లేనన్నాడు. ఆ గదిలో తెలుగు రాయడం వచ్చినవాళ్లు ఇంకా కొందరున్నారట, ఎవరూ మా ఊరివాళ్లు కారు. ఖాదర్‌ను అడిగితే, తాను రుద్దినప్పుడే మూడు వరసలూ ఉన్నాయని ఖురాను మీద ఒట్టేశాడు. గుమాస్తా తారీకు తప్పు వేశాడేమోనని మిగతా కాగితాలు కూడా చూశాను. అన్నిటి మీదా ఆ జూన్ నెలే. ఆ నెలాఖరుకే ఖాదర్‌ను అక్కడినుంచి మార్చేశారు. పోనీ తప్పే అనుకుందాం, సెప్టెంబరు తర్వాతే అనుకుందాం. అప్పుడు మాత్రం ఆ పేరు సముద్రం దాటి ఎలా పోయింది? ఎవరు మోశారు?

వదినను ఒకసారి అడిగాను, ఆ పేరు నీకెందుకు తట్టిందని. "ఆడ పుట్టింది కాబట్టి పెట్టినా," అంది. అంతే.

ఈ ప్రశ్నలు మా ఇంట్లో ఇంకెవరికీ లేవు. మనిషి వచ్చాడు, వాళ్లకు అది చాలు. నాకు మాత్రం చాలలేదు. జూన్ నుంచి సెప్టెంబరుకు మూడు నెలలు. వేళ్ల మీద లెక్కపెట్టినా, పలక మీద వేసినా అంతే వస్తుంది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. ఆ మూడు నెలల లెక్క ఎలా చేయాలో నాకు తెలియలేదు.